ఎవరి నూరేళ్లు వాళ్లవి

పోయిన వేసవిలో మా చెల్లెలి కొడుకు సెలవులకు మా ఇంటికొచ్చాడు. ఇంటర్ రెండో ఏడు. లాప్‌టాప్ ముందు కూర్చుంటే అన్నానికి లేవడు. ఆ రోజు గాలివానకు కరెంటు పోయింది, దాంతోపాటు నెట్టూ పోయింది. కాసేపు గోళ్లు కొరుక్కుని, సంచిలోంచి ఒక పాత పుస్తకం, రకరకాల పాచికలు తీసి భోజనాల బల్ల మీద పరిచాడు. ఆన్‌లైన్లో వాడు ఆడే ఆటలన్నిటికీ ముత్తాత అట అది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట, 1974లో పుట్టింది. ఈ పుస్తకం 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌ది.

"పెద్దమ్మా, నువ్వు మనిషివి, నేను ఎల్ఫ్‌ని. ముందు వయసులు తేల్చాలి" అన్నాడు.

మనిషికి యవ్వనం 15కి మొదలట. కత్తిపట్టే ఫైటర్‌ని కాబట్టి దానికి ఒక పాచిక వేసి కలపాలి. నాకు 3 పడింది, 18 ఏళ్లు. వాడిది మంత్రాలు చదివే విజర్డ్. ఎల్ఫ్‌లనే ఆ కల్పిత జాతికి యవ్వనం 110కి గానీ రాదు, దాని మీద పది పాచికల మొత్తం కలపాలి. కూడితే 38 వచ్చింది. వాడి ఎల్ఫ్‌కి 148 ఏళ్లు. తరవాత ఇద్దరి కాగితాల మీదా లెవెల్ 1 అని రాశాడు.

"నూట నలభై ఎనిమిదేళ్లూ ఏం వెలగబెట్టాడ్రా మీవాడు?"

"చదువుకున్నాడు."

"నిన్న ఇంట్లోంచి పారిపోయి వచ్చిన నా పద్దెనిమిదేళ్ల పిల్లా, వాడూ సమానమేనా?"

"రూలు అంతే పెద్దమ్మా. ఇవన్నీ అడక్కూడదు."

జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, అడక్కుండా ఎలా ఉంటాను? వాడు కొండగుహ పటం గీసుకుంటుంటే పుస్తకం నా వైపు లాక్కున్నాను. అందులో వయసుల పట్టిక ఒకటి ఉంది. ప్రతి జాతికీ నడివయసు ఎప్పుడు, ముసలితనం ఎప్పుడు, పండు ముసలితనం ఎప్పుడు అని మూడు అంకెలు. మనిషికి 35, 53, 70. ఎల్ఫ్‌కి 175, 263, 350. గడ్డాలు పెంచుకుని కొండల కింద గనులు తవ్వే డ్వార్ఫ్‌లకు 125, 188, 250. మూడడుగుల నోమ్‌లకు 100, 150, 200. హాఫ్లింగ్‌లకు 50, 75, 100. ఆర్క్ రక్తం సగం ఉన్న హాఫ్-ఆర్క్‌లకు 30, 45, 60.

పెన్సిలు తీసుకుని భాగహారాలు చేస్తే గుట్టు బయటపడింది. ఏ వరస చూసినా నడివయసు ఒక పాలైతే ముసలితనం ఒకటిన్నర పాళ్లు, పండు ముసలితనం రెండు పాళ్లు. ఒక్క జాతీ తప్పించుకోలేదు. అంటే ఈ ఆట రాసినవాళ్లు ఆరేడు రకాల ముసలితనాలను ఊహించలేదు. ఒక్క మనిషి ముసలితనాన్నే రబ్బరు బ్యాండులా సాగదీసి కొందరికిచ్చారు, కుదించి కొందరికిచ్చారు.

మన భాషకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. ముప్ఫై ఏళ్లకే లారీ కింద పడి పోయినవాణ్ణి చూసి కూడా మనం "వాడికి నూరేళ్లు నిండాయి" అంటాం. దోమను చేత్తో కొడుతూ "దీనికి నూరేళ్లు నిండాయి" అంటాం. ఆ నూరు సంవత్సరాల లెక్క కాదు, ఎవరి కొలమానం మీద వాళ్ల నూటికి నూరు. చివరికి బ్రహ్మకూ నూరేళ్లే. కాకపోతే ఆయన పగలు ఒక్కటే మన లెక్కలో 432 కోట్ల ఏళ్లు. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు పురోహితుడు గబగబా అనేసే ద్వితీయ పరార్ధం, బ్రహ్మగారి ఆయుష్షులో మొదటి సగం గడిచి రెండో సగం నడుస్తోందని చెప్పడమే. ఆయనకిప్పుడు యాభై దాటాయన్నమాట. ఆట పుస్తకంలో ఎల్ఫ్ కూడా ఈ లెక్క మనిషే. వాడి ఏడాది మనకు అయిదేళ్లు.

చావు లెక్క ఇంకా ముచ్చటగా ఉంది. పాత్ర పండు ముసలితనంలో అడుగుపెట్టగానే ఆట నడిపేవాడు ఎవరికీ చూపించకుండా పాచికలు వేసి, ఆ పాత్ర ఎన్నేళ్లకు పోతుందో రాసిపెట్టుకోవాలి. చిత్రగుప్తుడి ఉద్యోగం. మనిషికైతే 70కి రెండు ఇరవై ముఖాల పాచికల మొత్తం కలపాలి, 72కీ 110కీ మధ్య ఎక్కడో పడుతుంది. ఎల్ఫ్‌కి 350కి నాలుగు నూరు ముఖాల పాచికల మొత్తం కలపాలి, 354కీ 750కీ మధ్య. ఇక్కడ రబ్బరు బ్యాండు కాస్త పిసరు ఎక్కువే సాగింది. మనిషి గరిష్ఠ వయసు పండు ముసలితనానికి ఒకటిన్నర రెట్ల పైచిలుకైతే, ఎల్ఫ్‌ది రెండు రెట్లు దాటింది.

ఇలా సాగదీయడం ప్రకృతిలో జరగదు, ఆటవాళ్ల బద్ధకం అని కొట్టిపారేయబోయి ఆగాను. జరుగుతుంది. ల్యాబుల్లో పెంచే సీ. ఎలిగాన్స్ అనే పురుగు ఒకటుంది. మిల్లీమీటరు పొడవు, రెండు మూడు వారాల బతుకు. 1993లో సింథియా కెన్యాన్ బృందం ఆ పురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువులో మార్పుంటే ఆయుష్షు రెట్టింపవుతుందని చూపించింది. 2016లో నికొలస్ స్ట్రౌస్ట్రప్, అతని సహచరులు ఇంకో అడుగు ముందుకేశారు. జిరాక్సు షాపుల్లో కాగితాలు పెట్టే స్కానర్ల లాంటివాటి మీద పురుగుల పళ్లేలు పేర్చి, ఏ పురుగు ఏ గంటకు కదలడం మానేసిందో యంత్రంతోనే లెక్కపెట్టించారు. తిండి మార్చినా, వేడి మార్చినా, జన్యువు మార్చినా చావుల గీత ఆకారం దాదాపు అదే. మొత్తం గీత సాగుతుంది, లేదా ముడుచుకుంటుంది. పురుగులకూ ఎవరి నూరేళ్లు వాటివే.

ఇంకో వరస చూసి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. తల్లి మనిషై తండ్రి ఎల్ఫైతే (ఉల్టా అయినా సరే) పుట్టే హాఫ్-ఎల్ఫ్ వరస అది. నడివయసు 62, పండు ముసలితనం 125, ఎంత గట్టిగా పాచిక పడినా 185 దాటడు. 35కీ 175కీ సగటు 105 కదా, 62 ఎక్కణ్నుంచి వచ్చింది? ఆయుష్షులను కాకుండా వేగాలను సగటు చేసి చూశాను. నడివయసు వరకు దారిలో మనిషి ఏడాదికి 35లో ఒక వంతు నడుస్తాడు, ఎల్ఫ్ 175లో ఒక వంతు. ఈ రెండు వేగాలకు సగటు కట్టి తిరగేస్తే 58 వస్తుంది. పట్టికలో 62. పండు ముసలితనానికి 117 వస్తుంది, పట్టికలో 125. గరిష్ఠానికి 192 వస్తుంది, పట్టికలో 185. అటూ ఇటూ అంగుళం తేడా. మామూలు సగటైతే గరిష్ఠం 430 అయ్యేది, దానికీ దీనికీ పొంతనే లేదు. పుస్తకం రాసినవాళ్లు ఈ లెక్క వేసుకునే రాశారని నేననుకోను. హాఫ్-ఎల్ఫ్ మరీ ముసలివాడు కాకూడదని చేతికొచ్చిన అంకె వేసి ఉంటారు. అయినా వయసుని వేగంగా చూడాలన్న ఊహ వాళ్లకు తెలియకుండానే అందులో దూరింది. కారు సగం దూరం 20 మీద, సగం దూరం 100 మీద పోతే సగటు 60 కాదని తెలిసిన పిల్లవాడికి ఈ హాఫ్-ఎల్ఫ్ అర్థమవుతాడు.

ఇంతవరకూ ఆటదే గెలుపు. అయితే ఒకే జాతి పురుగుల్లో నిజమైంది జాతులన్నిటికీ నిజమా?

లండన్లో బీమా లెక్కలు వేసే బెంజమిన్ గాంపర్ట్జ్ 1825లో మనిషి చావు గురించి ఒక సూత్రం రాశాడు. యవ్వనం దాటాక, ఆ ఏడాదిలో చచ్చిపోయే అవకాశం ఒక క్రమంలో రెట్టింపవుతూ పోతుంది. మనిషికి దాదాపు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపు. బీమా ఏజెంటు వయసడిగి మొహం ఎందుకు చిట్లిస్తాడో ఇందులోనే ఉంది. ముసలితనానికి జీవశాస్త్రం ఇచ్చే నిర్వచనం కూడా దాదాపు ఇదే. జుట్టు నెరవడం, పళ్లూడడం పైపై సంగతులు. ఏడాది గడిచేకొద్దీ మరుసటి ఏడాది బతికుండే అవకాశం తగ్గుతుంటే దాని పేరే ముసలితనం. ఆట లెక్కన ఎల్ఫ్‌కి ఈ రెట్టింపు నలభై ఏళ్లకోసారి జరగాలి.

2014లో ఓవెన్ జోన్స్, ఇంకా ఎందరో కలిసి 46 జాతుల చావు గీతలను ఒకచోట పెట్టి చూశారు. ప్రతి జాతికీ దాని నూరేళ్లు దానికిచ్చి, ఆకారాన్ని మాత్రమే పోల్చారు. సరిగ్గా మన పట్టిక తయారైన పద్ధతి, తిరగేసి చేశారు. మనిషి గీత చివర్లో ఏటవాలు కొండలా లేస్తుంది. ఎడారి తాబేలు గీత వయసుతోపాటు కిందికి దిగుతుంది, అంటే ముసలి తాబేలు కంటే కుర్ర తాబేలుకే చావు గండం ఎక్కువ. తెల్లమడ చెట్టుదీ అదే దారి. కాకినాడ పక్కన కోరంగి మడ అడవిలో పడవ మీద పోతే రెండు పక్కలా కనిపించే చెట్ల బంధువే అది. ఇక మంచినీటి హైడ్రా గీత నేల మీద పడుకున్నట్టు అడ్డంగా ఉంది. ల్యాబులో భద్రంగా పెంచితే నూటికి అయిదు హైడ్రాలు 1,400 ఏళ్ల తరవాత కూడా బతికే ఉంటాయని వాళ్ల అంచనా. డిగ్రీ పిల్లలకు ముప్ఫై ఏళ్లు మైక్రోస్కోపు కింద హైడ్రా చూపించాను. "టెంటకిల్స్ లెక్కపెట్టండి" అనేదాన్ని. ఎల్ఫ్‌ని చూపిస్తున్నానని నాకు తెలియదు.

కాబట్టి ఆయుష్షు ఎంత అన్న ప్రశ్నకు పక్కన ఇంకో ప్రశ్న ఉంది, ముసలితనం ఏ ఆకారంలో వస్తుంది అని. మొదటిదానికి ఆటలు ధారాళంగా అంకెలిస్తాయి. రెండోదాన్ని పట్టించుకున్న ఆటలు తక్కువ, పట్టించుకున్నచోట కథ చాలా రుచిగా ఉంటుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తీసుకోండి. 2004 నవంబరులో మొదలై ఇప్పటికీ నడుస్తున్న ఆన్‌లైన్ ఆట. అందులో నైట్ ఎల్ఫ్‌లు ఊదారంగు ఒంటితో, పొడుగాటి చెవులతో అడవుల్లో ఉంటారు. వాళ్ల గతంలో నోర్డ్రాసిల్ అనే మహావృక్షం ఉంది. ఆ చెట్టు నిలిచున్నంత కాలం వాళ్లకు ముసలితనమూ రోగమూ రావని డ్రాగన్‌లు వరమిచ్చాయి. పదివేల ఏళ్లు అలాగే గడిచాయి. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ మూడో భాగం ముగింపులో ఆర్కిమాండ్ అనే రాక్షసుణ్ణి చంపడానికి ఆ చెట్టు శక్తిని ధారపోస్తారు. దాంతో వరమూ పోతుంది. ఆన్‌లైన్లో మనం ఆడే నైట్ ఎల్ఫ్‌లంతా ఆ నష్టం తరవాతివాళ్లే.

వరంలో చావు రాదని లేదు, గమనించారా? ముసలితనం, రోగం మాత్రమే రావు. కొండమీంచి జారిపడితే, పాము కరిస్తే, యుద్ధంలో బాణం తగిలితే పోతారు. అలాంటివాళ్ల చావు గీత హైడ్రా గీతలా అడ్డంగా ఉంటుంది. లెక్క వేద్దాం. ఏడాదికి వెయ్యిమందిలో ఒక్కరు ప్రమాదంలో పోతారనుకుంటే, సగం మంది 693 ఏళ్లకే పోతారు. పదివేల ఏళ్లు దాటేది 22 వేలమందిలో ఒక్కరు. ప్రపంచంలో అతి భద్రమైన దేశాల్లో పదేళ్ల పిల్లలకుండే గండం ఏడాదికి దాదాపు పదివేలల్లో ఒకటి. నైట్ ఎల్ఫ్‌లు జీవితమంతా అంత పదిలంగా, ఆ పదేళ్ల పిల్లల్లా బతికితే పదివేల ఏళ్లకు నూటికి 37 మంది మిగులుతారు. కానీ వీళ్లు రాక్షసులతో యుద్ధాలు చేసే జాతి. మరి కథలో పదివేల ఏళ్ల నాటి వీరులందరూ బతికే ఎలా కనిపిస్తారు? పోయినవాళ్ల కథ మనకెవరు చెబుతారు గనక!

ముసలితనం అసలెందుకు పుట్టిందో ఈ లెక్కలోనే దాగుంది. 1951లో పీటర్ మెడవార్ లండన్లో ఇచ్చిన ఉపన్యాసంలో ల్యాబు గాజు గొట్టాల ఉదాహరణ చెప్పాడు. నేను టీ కొట్టు గ్లాసులతో చెప్పేదాన్ని, పిల్లలకు బాగా ఎక్కేది. కొట్టు తెరిచిన రోజు వంద గ్లాసులు కొన్నారు. నెలకు పదో వంతు పగులుతాయి. గాజు ముసలిదవదు, పాత గ్లాసు కొత్త గ్లాసు కంటే ఎక్కువ పగలదు. అయినా ఏడాదికి ఆ వందలో 28 మిగులుతాయి, రెండేళ్లకు 8, మూడేళ్లకు 2. ఇప్పుడు గ్లాసుల్లో ఒక లోపం ఉందనుకోండి, మూడేళ్లు నిండాకే బీటలిస్తుంది. కొట్టు యజమాని ఆ కంపెనీని మారుస్తాడా? మార్చడు. ఆ రెండు గ్లాసుల కోసం ఎవరు బాధపడతారు? మొదటి నెలలోనే బీటలిచ్చే లోపమైతే మాత్రం ఆ సాయంత్రమే డీలరుతో గొడవ. ప్రకృతివరణం ఆ యజమాని లాంటిదే. ఎలాగూ కొద్దిమందే చేరే వయసులో బయటపడే లోపాలను అది ఏరిపారెయ్యదు. తరతరాలుగా పోగుపడతాయి. 1957లో జార్జ్ విలియమ్స్ ఇంకో మెలిక చేర్చాడు. వయసులో ఉండగా మేలు చేసి, ముదిరాక కీడు చేసే జన్యువులను ప్రకృతి పైపెచ్చు ప్రోత్సహిస్తుంది.

దీన్నించి ఒక జోస్యం పుడుతుంది. గ్లాసులను కొట్టు బల్ల మీద కాకుండా షోకేసులో పెడితే? పగలడం తగ్గి, చాలా గ్లాసులు మూడేళ్లు చేరితే, మూడేళ్ల లోపం కూడా యజమాని కంట పడుతుంది. అంటే వేటగాళ్ల బారిన పడని జాతులు తరాలు గడిచేకొద్దీ నెమ్మదిగా ముసలివయ్యేలా పరిణమించాలి. స్టీవెన్ ఆస్టాడ్ 1993లో దీన్ని అమెరికాలోని జార్జియా తీరంలో సపేలో అనే దీవిలో చూశాడు. ఆ దీవి నాలుగైదు వేల ఏళ్ల కిందట ప్రధాన భూభాగం నుంచి విడిపోయింది. ఒపోసమ్ అనే పిల్లి అంత జంతువును వేటాడే పెద్ద జంతువులు అక్కడ లేవు. దీవి ఒపోసమ్‌ల తోకలోని స్నాయువు భూభాగంలోని వాటికంటే నెమ్మదిగా ముదురుతోందని ఆయన కొలిచి తేల్చాడు.

ఇప్పుడు డ్వార్ఫ్‌ల దగ్గరకు రండి. మామూలు సూత్రం ప్రకారం చిన్న ఒళ్లకు చిన్న ఆయుష్షు ఉండాలి. ఎలుకకు రెండు మూడేళ్లు, ఏనుగుకు అరవై డెబ్భై. మరి మూడడుగుల నోమ్‌కి, నాలుగడుగుల డ్వార్ఫ్‌కి మనకంటే మూడు నాలుగు రెట్లు ఎలా ఇచ్చారు? కథకులకు జీవశాస్త్రం తెలియదు అనేసేదాన్నే, వాళ్లు ఎక్కడుంటారో గుర్తు రాకపోతే. కొండల కింద, సొరంగాల్లో. షోకేసులో. నేల కింద బతికే నేకెడ్ మోల్ ర్యాట్, ఒంటిమీద దాదాపు వెంట్రుకలే లేని ఆఫ్రికా జంతువు, ఎలుకంతే ఉండి 30 ఏళ్లు దాటి బతుకుతుంది. దాన్ని దశాబ్దాలుగా పెంచుతున్న రొషెల్ బఫెన్‌స్టైన్ బృందం 2018లో 3 వేలకు పైగా జంతువుల లెక్కలు బయటపెట్టింది. వయసు పెరిగినా వాటి చావు గండం పెరగడం లేదు. యూరప్‌లో స్లొవేనియా వైపు గుహల్లో ఓల్మ్ అనే చూపులేని ఉభయచరం ఉంది. ఇరవై గ్రాముల బరువు, నూరేళ్ల దాకా బతకొచ్చని అంచనా. దీనివి అచ్చంగా మన నూరేళ్లే. సైబీరియా గబ్బిలం ఒకటి ఏడు గ్రాములే, 41 ఏళ్లు బతికింది. ఎగరడమూ తప్పించుకునే దారే కదా. గుహవాసి డ్వార్ఫ్‌కి 250 ఇచ్చినవాడు, కత్తి మీదే బతికే హాఫ్-ఆర్క్‌కి 60 ఇచ్చినవాడు ఆస్టాడ్‌ని చదివాడో లేదో నాకనవసరం. జవాబు సరిపోయింది, మార్కులు వేసేస్తాను.

ఎల్ఫ్ బాల్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. పట్టికలోని మూడు అంకెలనూ అయిదు రెట్లే సాగదీసినవాళ్లు ఇక్కడ ఏడు రెట్లకు పైగా సాగదీశారు, 15కి 110. చదువులో మళ్లీ అయిదు రెట్లే. మనిషి విజర్డ్‌కి రెండు పాచికల చదువు, సగటున ఏడేళ్లు. ఎల్ఫ్‌కి పది పాచికలు, సగటున ముప్ఫై అయిదు. నూట పదేళ్ల బాల్యం ఎవరికైనా ఉంటుందా అని నవ్వుకుంటుంటే గ్రీన్‌లాండ్ షార్క్ గుర్తొచ్చింది.

ఉత్తర అట్లాంటిక్ చలినీళ్లలో నింపాదిగా తిరిగే చేప అది. వయసు కనుక్కోవడం కష్టం. ఈ షార్క్‌కి ఎముకలుండవు, చెట్టులా వలయాలూ ఉండవు. జూలియస్ నీల్సన్ బృందం దాని కంటిని ఎంచుకుంది. కంటి కటకం ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెరుగుతుంది. నట్టనడిమి పొర తల్లి కడుపులో ఉండగానే ఏర్పడి, మళ్లీ మారదు. పొరలన్నీ ఒలిచేసి మిల్లీమీటర్ల సైజు గింజను బయటికి తీస్తే, అది ఆ చేప పుట్టినప్పటి సముద్రాన్ని దాచుకున్న గింజ. అందులోని కార్బన్-14ని కొలిచారు. 28 ఆడ షార్క్‌లలో బాగా చిన్నవాటిలో మాత్రమే 1950ల తరవాతి అణుబాంబు పరీక్షల జాడ కనిపించింది. తక్కినవన్నీ అంతకు ముందే పుట్టినవి. అన్నిటికంటే పెద్దది అయిదు మీటర్లది, వయసు అంచనా 392 ఏళ్లు. అటూ ఇటూ 120 తేడా ఉండొచ్చన్నారు గనక, తక్కువలో తక్కువ 272. ఈ ఫలితం 2016లో వచ్చింది. ఆడ షార్క్ పిల్లల్ని కనే ఈడుకి రావడానికి దాదాపు 150 ఏళ్లు పడుతుందని కూడా వాళ్లే తేల్చారు. మా చెల్లెలి కొడుకు ఎల్ఫ్ కంటే రెండేళ్లు పెద్దదయ్యాక గానీ ఈడేరదు.

అలాంటి జాతికి బాల్యమే గండం. 150 ఏళ్లు వలలన్నీ తప్పించుకుంటే తప్ప ఒక్క పిల్లా పుట్టదు. కాలేయంలోని నూనె కోసం ఈ షార్క్‌లను ఒకప్పుడు విపరీతంగా పట్టారు. ఆ వేట పోగొట్టినవి తిరిగి నిండడానికి ఎన్ని మనిషి తరాలు కావాలో ఊహించుకోవచ్చు. ఎల్ఫ్‌ల నగరాలు ఆటల్లో ఎప్పుడూ సగం ఖాళీగా, పాడుబడ్డ స్తంభాలతో ఎందుకుంటాయో కూడా ఇదే చెబుతుంది. ఒక్క యుద్ధంలో కుర్రవాళ్లు పోతే శతాబ్దం దాకా తొట్టెలు ఊగవు. పక్కన మనుషులు ఆ వ్యవధిలో నాలుగు తరాలై ఊళ్లు నింపేస్తారు.

ఇంతా చేసి, ఆన్‌లైన్ ఆటల్లో ఆటగాడి పాత్రకు వయసు రాదు. ఇరవై ఏళ్లుగా ఒకే డ్వార్ఫ్‌తో ఆడుతున్నవాళ్లున్నారు. వాళ్ల జుట్టు నెరిసింది, డ్వార్ఫ్ గడ్డం నెరవలేదు. చచ్చినా దెయ్యమై నడుచుకుంటూ వచ్చి ఒంట్లో దూరతాడు. నెలనెలా డబ్బు కట్టేవాడి పాత్రకు మోకాళ్లనొప్పులు పెడితే ఎవడాడతాడు? ఆ ధైర్యం చేసినవాళ్లు కొద్దిమందే. కొరియాలో 2004లో వచ్చిన మాబినోగీలో పాత్రకు వారానికో ఏడు వయసు పెరుగుతుంది. ముదిరాక "రీబర్త్" తీసుకుని, నేర్చిన విద్యలు పోకుండా మళ్లీ పిల్లాడైపోవచ్చు. అతిశయోక్తి అనకండి. మధ్యధరా సముద్రంలో టురిటాప్సిస్ అనే గోరంత జెల్లీఫిష్, దెబ్బ తగిలితేనో తిండి లేకపోతేనో ముడుచుకుని తన బాల్యదశలోకి వెనక్కి వెళ్లిపోతుందని 1996లోనే రాశారు. దానికి విద్యలు గుర్తుంటాయో లేదో అడగడానికి మెదడు లేదు.

నాకు నచ్చింది మాత్రం 2018లో జేసన్ రోరర్ చేసిన వన్ అవర్ వన్ లైఫ్. అందులో నిమిషం అంటే ఏడాది. ఎవరో తెలియని ఆటగత్తెకు పసిబిడ్డగా పుడతారు. మొదటి రెండు మూడు నిమిషాలూ ఆవిడ ఎత్తుకుని తినిపించకపోతే మీ ఆట అంతే. మాట్లాడదామని టైపు చేసినా వయసుకు తగినన్ని అక్షరాలే పడతాయి. గంట నిండితే అరవై, వెళ్లిపోవాలి. మీరు నాటిన క్యారెట్లు తరవాతివాళ్లు తింటారు. అందులో ఎల్ఫ్‌లు లేరు.

ఇంకో జాతి గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తవదు. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2లో సిల్వారీలని ఉంటారు. ఆకులతో, బెరడుతో చేసినట్టుంటారు. తల్లి కడుపున కాక ఒక తెల్లని మహావృక్షం కాయల్లోంచి ఏకంగా యవ్వనంతో బయటికొస్తారు. ఆ లోకపు లెక్కలో మొదటి సిల్వారీలు పుట్టింది 1302లో, ఆట మొదలయ్యేది 1325లో. అంటే జాతిలో అందరికంటే పెద్దవాళ్లకు 23 ఏళ్లు. ముసలితనంతో పోయినవాళ్లు ఇప్పటికి ఒక్కరూ లేరు. మరి వాళ్ల ఆయుష్షు ఎంత?

ఇది ఆట ప్రశ్న కాదు, ఆస్పత్రుల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్న. కొత్త మందు వాడిన రోగులను మూడేళ్లే చూశాం, చాలామంది ఇంకా బతికే ఉన్నారు, అప్పుడు సగటు ఆయుష్షు ఎలా చెప్పాలి? 1958లో ఎడ్వర్డ్ కప్లాన్, పాల్ మేయర్ దీనికొక పద్ధతి రాశారు. ఇంకా బతికున్నవాళ్లను లెక్కలోంచి తోసెయ్యకుండా, "ఇంతవరకైతే ఉన్నారు" అన్న సమాచారాన్నే వాడుకునే పద్ధతి. వెయ్యిమంది సిల్వారీలను ఇరవై ఏళ్లు చూసి ఒక్క ముసలి చావూ కనబడలేదనుకోండి. ఏడాదికి అలాంటి చావు గండం ఇరవై వేలల్లో మూడుకు మించదని దాదాపు ధీమాగా చెప్పొచ్చు. ఇరవై అయిదో ఏట ఏమవుతుందో మాత్రం అది ఒక్క ముక్కా చెప్పదు. మనుషుల్లోనూ ఇరవై మూడేళ్లవాళ్లే అందరికంటే పెద్దవాళ్లైతే, పైనుంచి చూసే గ్రహాంతరవాసి మన చావు గీతను చూసి వీళ్లు హైడ్రాలు, వీళ్లకు ముసలితనం లేదు అని రాసుకుని వెళ్లిపోతాడు. నేకెడ్ మోల్ ర్యాట్ లెక్కల మీద కొందరు శాస్త్రవేత్తల అభ్యంతరమూ ఇదే. బాగా ముసలివాటిని తగినన్ని చూశామా అని.

ఆ రాత్రి తొమ్మిదింటికి కరెంటొచ్చింది. వాడు లాప్‌టాప్ తెరుచుకున్నాడు. బల్ల సర్దుతూ, వాడు చూడకుండా నేను నాలుగు నూరు పాచికలు వేశాను. 37, 82, 9, 61. మొత్తం 189, దానికి 350 కలిపితే 539. కాగితం మీద రాసి మడిచి, పుస్తకం అట్టలో దోపాను. వాడికి చప్పుడు వినబడింది.

"నా ఎల్ఫ్ చావుదేనా? ఎంత పెద్దమ్మా?"

"చెప్పకూడదు. రూలు."

"రూలంటే అది 350 నిండాక వెయ్యాలి. నువ్వు 202 ఏళ్లు ముందే వేసేశావు, చెల్లదు" అని, కళ్లు తెర మీంచి తిప్పకుండానే చెయ్యి చాపి పాచికలు తీసేసుకున్నాడు.